గాలికెవరూ టిప్పివ్వరు

సాయంత్రం బోటు దిగి సామాను కడిగేటప్పుడే మేడమ్ డబ్బాలు తెరిచేది.

డైవింగ్ షాపు వెనక వరసగా మూడు సిమెంటు తొట్లు ఉన్నాయి. మొదటి దాంట్లో సబ్బు నీళ్లు, మిగిలిన రెండింట్లో మంచినీళ్లు. గైడులు ముగ్గురూ నడుం వంచి రబ్బరు సూట్లు ముంచి తీస్తుంటే, మేడమ్ మెట్టు మీద కుర్చీ వేసుకుని, ఒళ్లో మూడు రేకు డబ్బాలు పెట్టుకుని, గెస్టులు వేసిన కవర్లు ఒక్కొక్కటే చింపేది. ఎవరి టిప్పు వాళ్ల చేతికే ఇచ్చేది. అందులో పైసా ముట్టేది కాదు. ఆ విషయంలో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేరు. కవరులో చీటీ ఉంటే మాత్రం పైకి చదివేది. అందరూ వినాలి. అదీ అక్కడి పద్ధతి.

"'మా గైడుగారి నవ్వు చూసేసరికి సగం భయం పోయింది. అడుగున గంటసేపు తిప్పారు. మళ్లీ వస్తే ఈయనతోనే దిగుతాం.'"

నవ్వులాయన తొట్టిలోంచి తలెత్తి నవ్వాడు. ముందు పన్ను ఒకటి లేదు. నలభై దాటిన మనిషి. ఎడమ చెవి వినపడదు కాబట్టి ఎవరు మాట్లాడినా కుడిచెవి తిప్పి, ఆ తిప్పడంతోనే ఒక నవ్వు కూడా ఇచ్చేవాడు. రెండో డబ్బా మేడమ్ తమ్ముడిది. అందులో ఉన్నా లేకపోయినా ఒకటే. అతన్ని ఆ షాపులోంచి తీసెయ్యాలంటే సముద్రమే తియ్యాలి.

మేడమ్ మూడో డబ్బా ఊపి చూసింది. అందులో ఒక్కటే చీటీ, మడిచిన కాగితం.

"'మా గైడు ముప్పై రెండో నిమిషానికే బొటనవేలు పైకెత్తి అందర్నీ లేపేసింది. ఇంత దూరం వచ్చింది గడియారం చూసుకోవడానికి కాదు.'" మేడమ్ కాగితం దించింది. "వాళ్లూ నిన్ను గడియారమనే అంటున్నారే!"

తమ్ముడు గట్టిగా నవ్వాడు. గడియారం తలెత్తలేదు. సూటు చేతిని లోపలివైపు తిప్పి, కఫ్ఫు దగ్గర పేరుకున్న ఇసుకను బొటనవేలితో తోస్తూ ఉండిపోయింది. షాపులో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. గెస్టుల్లో ఎవరి సిలిండర్ గాలి మీటరు ముల్లు డెబ్బైకి దిగినా గుంపంతటినీ పైకి తీసుకొచ్చేస్తుంది. ఎంత బతిమాలినా ఒక్క నిమిషం ఎక్కువ ఉంచదు.

"ఆ కెమెరా ఆయన గాలి తాగేస్తున్నాడు మేడమ్," అంది నెమ్మదిగా. "మిగతా ముగ్గురికీ నూట ఇరవై ఉండగా ఆయన ముల్లు డెబ్బైకి వచ్చేసింది."

"నిజమే. నువ్వు తప్పు చేశావని నేనన్నానా? ఆయన సంతోషంగా లేడంటున్నాను, అంతే." మేడమ్ గొంతు మెత్తగానే ఉంది. ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "వానలు మొదలయితే ఇద్దరు గైడులు చాలు. నెలాఖరుకి ఒకరికి సెలవు చెప్పాలి. నేనెవర్నీ తీసెయ్యనమ్మా. డబ్బాలే చెప్తాయి."

నవ్వులాయన వినపడని చెవిని మేడమ్ వైపు తిప్పి సూటు పిండాడు.

కంప్రెసర్ గది షాపుకు ఆనుకుని ఉంది. దాని వెనక ఇంకో చిన్నగది. గడియారమూ, వాళ్లన్నయ్యా అందులోనే ఉంటున్నారు. అన్నయ్య కంప్రెసర్ దగ్గర బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకుని, సిలిండర్లు నింపుతున్నాడు. నాలుగేసి సిలిండర్లను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గొట్టాలు తగిలించి, వాల్వును పావువంతు తిప్పేవాడు. ఇనుము వేడెక్కుతుంటే అరచెయ్యి ఆనించి చూసేవాడు, జ్వరం చూసినట్టు. ఆ పని అతనికి గడియారమే అడిగి ఇప్పించింది. ఆమె ఆ షాపులో ఉన్నన్నాళ్లే అది ఉంటుందని మేడమ్ అప్పుడే చెప్పింది, మెత్తగానే.

"ఎంతొచ్చింది?" అన్నాడు అన్నయ్య.

"చీటీ వచ్చింది."

"దాన్ని పొయ్యి మీద పెడదామా, పచ్చిగా తినేద్దామా?"

ఆమెకు నవ్వు రాలేదు. గోడకు జారబడి కూర్చుంది. డబ్బాల మాట, నెలాఖరు మాట చెప్పింది. అతను ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా విన్నాడు.

"నవ్వులాయన ఏం చేస్తాడో నీకు తెలుసు కదా. గెస్టు ముల్లు వందకి రాగానే తన రెండో గొట్టం తీసి వాడి నోటికిస్తాడు. పదిహేను నిమిషాలు తన సిలిండర్లోంచి పీల్పిస్తాడు. వాడి గాలి వాడికే ఉంటుంది. పైకొచ్చి ముల్లు చూసుకుని, అబ్బో, నేనెంత నిదానంగా పీల్చానో అని మురిసిపోతాడు. ఆ మురిపానికే టిప్పు."

"తెలుసు."

"తెలిస్తే చెయ్యవేం?"

"ఆ గాలి నాది కదన్నయ్యా. నాకేమైనా అయితే ఆ నలుగుర్నీ ఎవరు పైకి తెస్తారు?"

"నీకేం కాదు. నువ్వు జాగ్రత్త మనిషివి."

"గైడుగా ఉన్నప్పుడు నువ్వు కాదా?"

అన్నయ్య తన కాలివైపు చూశాడు. పరాయివాళ్ల కాలిని చూసినట్టు చూశాడు. "నాది వేరు," అన్నాడు.

"ఎలా వేరు?"

అతను వాల్వు తిప్పాడు. ఈల వేసినట్టు గాలి చప్పుడు గది నిండా పరుచుకుంది. ఎప్పుడూ అంతే. ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక సిలిండర్ నిండాల్సి వచ్చేది. నిచ్చెన మీంచి జారి నడుం పట్టేసిందని అందరికీ చెప్పేవాడు. ఆమెకూ అదే చెప్పాడు. ఆమె నమ్మినట్టే ఉండేది.

"గైడులకి మూడు డబ్బాలున్నాయి," అన్నాడు చప్పుడు తగ్గాక. "నాకు లేదు చూడు. గాలికెవరూ టిప్పివ్వరు."

మర్నాడు పొద్దున్న సిలిండర్ తీసుకుంటూ మీటరు తగిలించి చూస్తే ముల్లు రెండొందల ముప్పై చూపిస్తోంది.

"ఇదేంటి, రెండొందలే కదా కొట్టాలి?"

"కాస్త ఎక్కువ పెట్టాను. ఉండనీ." విస్తట్లో వద్దంటున్నా ఇంకో గరిటె వేసినవాడిలా అతను మొహం తిప్పుకున్నాడు.

కెమెరా ఆయన చెడ్డవాడు కాదు. బోటెక్కగానే అందరికీ నమస్కారం పెట్టాడు, డ్రైవర్ పిల్లలెంతమందో అడిగాడు. భార్యకు లైఫ్‌జాకెట్టు తనే తొడిగాడు. స్నేహితులిద్దర్నీ తన సూటు పొట్ట దగ్గర బిగుసుకుపోయిందని నవ్వించాడు. గడియారం దగ్గరకొచ్చి, "ఏమ్మా, ఇవాళైనా చేపలు మమ్మల్ని గుర్తుపట్టేదాకా ఉంచుతావా?" అన్నాడు.

"చూద్దాం సార్."

"నిన్న నీకు కోపమొచ్చిందేమో. నేను ఉన్నమాట రాశాను."

"లేదు సార్."

ఆ రోజు ఆయన ముల్లు వందకి వచ్చినప్పుడు ఆమె దగ్గరగా ఈదుకెళ్లింది. తన ఛాతీ మీది పసుప్పచ్చ గొట్టం విప్పి ఆయన ముందు పట్టుకుంది. ఆయనకు అర్థం కాలేదు. ఆమె సైగ చేసింది: ఇది తీసుకోండి, అది వదిలేయండి. తీసుకున్నాడు. రెండోసారి ఊపిరి పీల్చాక మాస్కు వెనక కళ్లు పెద్దవయ్యాయి. ఇద్దరి ఊపిరీ ఒక్క సిలిండర్లోంచే పోతుంటే ఆమె మీటరు ముల్లు కంటికి కనపడేలా దిగింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని, కెమెరా ముందుకు చాచి, రాతి పగుల్లో ముడుచుకున్న ఒక చేప కోసం ఎనిమిది నిమిషాలు ఆగాడు. ఆమె ఆ ఎనిమిది నిమిషాలూ లెక్కపెట్టింది. ఆ లోతులో గెస్టులకు పెట్టిన నిమిషాల గడువు మాత్రం దాటనివ్వలేదు. గడువుకు అర నిమిషం ముందే బొటనవేలెత్తింది. ఆయన ఈసారి మారుమాట లేకుండా లేచాడు.

బోటులో మీటరు చూసుకుని, "తొంభై! ఇంకా తొంభై ఉంది!" అని భార్యకు చూపించాడు. ఆవిడ అంది, "నిన్నటికీ ఇవాళ్టికీ ఊపిరితిత్తులేమైనా మార్పించుకున్నారా?" అందరూ నవ్వారు. గడియారం కూడా నవ్వింది. నవ్వడం అనుకున్నంత కష్టంగా లేదు.

సాయంత్రం మూడో డబ్బా చప్పుడు చేసింది.

మూడో రోజు రెండుసార్లు దిగారు. రెండోసారి లోతుకు. అన్నీ సవ్యంగా జరిగాయి. ఆమె మళ్లీ తన గాలి పంచింది. గడువుకి అందర్నీ లేపింది. అయిదు మీటర్ల దగ్గర లంగరు తాడుకు నలుగుర్నీ వరసగా పట్టించి, మూడు నిమిషాలు ఆపింది. ఒంట్లో ఇంకిన గాలి నెమ్మదిగా బయటికి పోవాలంటే అక్కడ ఆగాలి; లేకపోతే అది బుడగలై చెయ్యినో కాలినో చచ్చుబడేస్తుంది. ఇంకో నిమిషంలో పైకి వెళ్తారనగా కెమెరా ఆయన చేతి పట్టీ ఊడి, టార్చి జారింది.

అది వెలుగుతూనే జారింది. గిరగిరా తిరుగుతూ, వెలుగును ఒకసారి వాళ్ల మొహాల మీదికీ, ఒకసారి శూన్యంలోకీ విసురుతూ దిగిపోయి అడుగున ఇసుకలో చిన్న చుక్కయి ఆగింది.

ఆయన ఆమెవైపు చూశాడు. వేలితో కిందికి చూపించాడు. వెళ్లమనలేదు. చూపించాడు, అంతే.

ఆమె తన ముల్లు చూసుకుంది. నలభై. ఒకసారి పైకొచ్చినవాళ్లు మళ్లీ లోతుకు దిగకూడదు. ఆ మాట వారానికి పదిసార్లు, బోటు బయల్దేరే ముందు, ఒక్కో గెస్టు కళ్లలోకి చూసి చెప్పేది తనే. అంతకంటే బలంగా ఇంకేదీ చెప్పదు. తాడుకు వేలాడుతున్న నలుగురికీ అరచెయ్యి చూపించింది: ఇక్కడే ఉండండి, నిమిషమయ్యాక పైకి వెళ్లండి. తర్వాత తల కిందికి తిప్పింది.

ఇరవై ఆరు మీటర్లు. టార్చి అందుకునేసరికి ముల్లు పదిహేను మీద వణుకుతోంది. పైకి వచ్చింది, రావలసినదానికంటే తొందరగా వచ్చింది. తాడు దగ్గర ఎవరూ లేరు. ఆమె ఒక్కతే ఆగాలి, మూడు నిమిషాలు కాదు, ఇంకా ఎక్కువ. నాలుగు సార్లు ఊపిరి పీల్చింది. అయిదోది గొట్టంలో సగంలోనే బిగుసుకుపోయింది. తాడు వదిలేసి పైకి వచ్చేసింది.

"అయ్యయ్యో! దీనికోసం ఎందుకు దిగావమ్మా?" అన్నాడు కెమెరా ఆయన, టార్చిని తువ్వాలుతో తుడుస్తూ. "పోతే పోయేది. వస్తువే కదా!" అని మళ్లీ, "వెలుగుతోంది చూశారా, చెక్కు చెదరలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం మూడో డబ్బాలో కవరు లావుగా ఉంది. మేడమ్ చీటీ రెండుసార్లు చదివింది.

"'మేం ఎన్నో చోట్ల దిగాం. ఇంత సేవ ఎక్కడా చూడలేదు. మొదటిరోజు కాస్త బిగుసుకుపోయినట్టుంది గానీ, ఈ అమ్మాయి తొందరగా నేర్చుకుంది.'" మేడమ్ కళ్లద్దాలు తీసింది. "రేపు ఇంకో రోజు ఉంటారట. నువ్వే కావాలన్నారు, వేరేవాళ్లు వద్దన్నారు. చూశావా? మనసు పెడితే ఎందుకు రాదు!"

నవ్వులాయన ఆమె పక్కనే వంగి ఉన్నాడు. అతని మొహంలో నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆ మొహం ఎవరిదో తెలియలేదు.

"నేర్చుకున్నావా?" అన్నాడు తగ్గు గొంతుతో.

"నేర్చుకున్నానన్నా."

"అయ్యో," అన్నాడు.

ఆమె రెండు చేతులూ తొట్టిలో ముంచింది. ఎడమచేతికి నీళ్లు చల్లగా తగిలాయి. కుడిచేతికి నీళ్లు తగిలినట్టే లేదు. మోచెయ్యి లోపల ఎవరో నెమ్మదిగా మేకు తిప్పుతున్నట్టు ఒక నొప్పి. బరువులెత్తిన నొప్పి అనుకుంది. అలా అనుకోవడానికి ఎంత ప్రయత్నిస్తోందో ఆమెకే తెలుస్తోంది. మేడమ్ ఇచ్చిన కవరు ఎడమచేత్తో అందుకుంది.

పొద్దున్న అన్నయ్య సిలిండర్ ఆమె ముందుకు దొర్లించాడు.

గైడులందరికీ ఒక అలవాటు ఉంది. సిలిండర్ మూతి దగ్గర చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే గాలి కారిపోతుంది. దాన్నెవరూ కళ్లతో చూడరు. మాట్లాడుతూనే, ఎటో చూస్తూనే చూపుడువేలి కొసతో ఒక్కసారి తడుముతారు, వేలికి తెలిసిపోతుంది. గడియారం వేలు పెట్టింది. మళ్లీ పెట్టింది. తర్వాత వంగి, మొహం దగ్గరగా పెట్టి, రింగు ఉందో లేదో కళ్లతో చూసుకుంది.

అన్నయ్య కంప్రెసర్ ఆపేశాడు. గదిలో అంత నిశ్శబ్దం పగటిపూట ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఏ చెయ్యి?" అన్నాడు.

ఆమె కుడిచేతిని తప్పు చేసిన పిల్లలా వెనక్కి పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు నాకు చెప్పావా?"

అన్నయ్య పెట్టె మీద కూలబడ్డాడు. ఈసారి కాలు ఎత్తి పెట్టుకోవడం మరిచిపోయాడు; అది ఎక్కడ పడిందో అక్కడే, వంకరగా ఉండిపోయింది.

"నీ గెస్టులు నీళ్లలో ఏం పడేశారన్నయ్యా?"

"ఈత ఫిన్ను. ఒక కాలిది. నీలం రంగుది."

"ఎంతిచ్చారు?"

"నాతో ఫొటో దిగారు."

బయట మేడమ్ చీపురు చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. అన్నయ్య లేచాడు. గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ షాపులోకి వెళ్లి, బల్ల కింది ఆకుపచ్చ పెట్టె లాగాడు. ఆక్సిజన్ పెట్టె. దాని మూత మీద మేడమ్ చేతిరాతతో 'గెస్టుల కోసం' అని ఉంది.

"అది గెస్టులదయ్యా," అంది మేడమ్ గుమ్మంలోంచి.

"ఇవాళ ఇదే గెస్టు."

మేడమ్ గడియారం చేతిని చూసింది. ఆమె మొహం నిజంగానే పాలిపోయింది. "తియ్యి, తియ్యి. అడగాలా? మధ్యాహ్నం లాంచీకి పట్నం ఆస్పత్రికి పంపిద్దాం. కానీ లోపలి గదిలో కూర్చోబెట్టు. వాళ్లొచ్చే టైమైంది, చూస్తే భయపడతారు."

"లోపల ఉక్క. ఇక్కడే కూర్చుంటుంది." అన్నయ్య ఆమెను షాపు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, మాస్కు మొహానికి పెట్టి, రబ్బరు పట్టీ చెవుల వెనక్కి సర్దాడు. "నేను రెండు రోజులాగాను," అన్నాడు ఆమె చెవి దగ్గర. "బుకింగులున్నాయని ఆగాను. నువ్వు ఒక్క రాత్రే కదా. ఒక్క రాత్రే."

ఆమె మాస్కులోంచి అంది, "నాక్కూడా కంప్రెసర్ దగ్గర ఇంకో పెట్టె బోర్లించాలేమో."

"నోరుముయ్యి. ఊపిరి పీల్చు."

కెమెరా ఆయన భార్యతో, స్నేహితులతో వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. ఆయన అడుగు ఆగిపోయింది. "ఏమైంది?"

"కాస్త నలతగా ఉంది, అంతే," అంది మేడమ్.

"నలతంటే..." ఆయన భార్య గడియారం వైపు చూసింది, మాస్కు వైపు చూసింది, తర్వాత భర్త మణికట్టుకు వేలాడుతున్న టార్చి వైపు చూసింది.

"అయ్యో పాపం," అన్నాడు ఆయన. నిజంగానే బాధపడ్డాడు. జేబులోంచి నోటు తీసి, మూడో డబ్బా ఏదని అడిగి, అందులో వేశాడు. "బాగా రెస్టు తీసుకోమ్మా." కాసేపు నిలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు. "మరి... ఇవాళ మాకెవరు?"

నవ్వులాయన అప్పటికే సూటు తొడుక్కుని ఉన్నాడు. మేడమ్ అతని వైపు తిరిగేలోపే నవ్వు మొహం మీదికి వచ్చేసింది. "నేనున్నాను సార్!" అన్నాడు. తర్వాత కంప్రెసర్ గది గుమ్మం దగ్గరికి వెళ్లి, అన్నయ్యతో గొంతు తగ్గించి అన్నాడు, "నాది కూడా కాస్త ఎక్కువ కొట్టు తమ్ముడూ. మీ చెల్లికి కొట్టినట్టు."

"రెండొందలే," అన్నాడు అన్నయ్య.

"నీకు తెలియనిదేముంది..."

"రెండొందలేనన్నా. ఇంకెవరికీ ఎక్కువ కొట్టను."

నవ్వులాయన రెండొందల సిలిండరే భుజానికెత్తుకుని నడిచాడు. కెమెరా ఆయన అతని పక్కన నడుస్తూ, నిన్న ఎంతసేపున్నారో, ఇవాళ ఇంకెంతసేపు ఉండొచ్చో చేతులూపుతూ చెప్తున్నాడు. నవ్వులాయన తన మంచి చెవి అటు తిప్పి వింటున్నాడు.

గడియారం ఆక్సిజన్ మీటరు చూసుకుంది. అలవాటు. ముల్లు సగానికి కింద ఉంది. కిందటి సీజన్ తర్వాత దాన్నెవరూ నింపించలేదు. ఇప్పటి దిగుడు చూస్తే లాంచీ వచ్చేదాకా చాలదు. ఎన్ని నిమిషాలు తక్కువవుతుందో కూడా ఆమె లెక్క కట్టగలదు. కట్టింది. ఎవరితోనూ చెప్పలేదు.

బోటు ఇంజను అందుకుంది. నవ్వులాయన వెనక కొసన నిలబడి తాడు విప్పుతూ ఆమె వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. పిడికిలి బిగించి, నీళ్లలో గెస్టులకు చూపించినట్టే బొటనవేలు నిలబెట్టింది: చాలు, పైకి తీసుకొచ్చెయ్. నవ్వులాయన కళ్లు చిట్లించి చూశాడు. అర్థం కానట్టు తల అడ్డంగా ఊపాడు. బోటులో గెస్టులు ఆమెకు టాటా చెప్పారు.

ఆమె చెయ్యి దించి చూసుకుంది. పిడికిలి బిగిసే ఉంది. వేలు లేవలేదు.

ఎడమచేత్తో ఆ వేలిని పట్టుకుని, పిడికిట్లోంచి తీసి, నిటారుగా నిలబెట్టింది. అలా పట్టుకునే మళ్లీ పైకెత్తింది. అప్పటికి బోటు అటు తిరిగింది.